పుక్కిలింతల మధ్య ఇంగ్లీషు

మా కోడలు ఇంగ్లీషు నేర్చుకున్నది పళ్ళ ఆసుపత్రిలో. నేర్పినవాళ్ళు అక్కడ నోళ్ళు తెరుచుకుని వెల్లకిలా పడుకున్న పేషంట్లు. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. నవ్వనివ్వండి. నాకు ముక్కు మీద కోపం ఉన్నమాట నిజమే కానీ, ఈ ఒక్క విషయంలో ఎంత నవ్వినా నాకు కోపం రాదు. కథంతా విన్నాక ఎలాగూ నవ్వడం మానేస్తారు.

తను పళ్ళ డాక్టరమ్మ దగ్గర అసిస్టెంటు. డాక్టరమ్మ చెయ్యి చాపగానే కావలసిన పనిముట్టు అందులో పెట్టాలి. పేషంటు నోట్లో ఊరే ఉమ్మిని సన్నటి గొట్టంతో లాగేస్తుండాలి. లైటు సరిగ్గా నోట్లో పడేటట్టు చూడాలి. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట. మధ్యలో ఇంటికొచ్చి వంట చేసి, బట్టలు ఆరేసి, పిల్లలు స్కూలు నుంచి వచ్చేసరికి ఏదో ఒకటి చేసిపెట్టి మళ్ళీ పరుగు. మా వాడు బస్సు డ్రైవరు. తెల్లారకముందే డ్యూటీకి వెళ్ళేవాడు ఇంటి పనికేం అందుతాడు? నేను కుట్టుమిషను ముందు కూర్చుని ఊళ్ళోవాళ్ళ బట్టలు కుడుతూ నోటితో ఇంటిని నడిపిస్తుంటాను. అదీ పనే.

ఒకరోజు డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టి చెప్పిందట. పళ్ళ కాలేజీలో ఒక కోర్సు ఉంది, హైజీనిస్టు అంటారు. అది చదివితే పళ్ళకు పట్టిన గార తీసి శుభ్రం చేసే పని ఎవరి సాయమూ లేకుండా తనే చెయ్యొచ్చు. సొంత కుర్చీ, సొంత స్టూలు, తన పేషంట్లు తనకి. డాక్టరమ్మ చీటీ రాసి పంపితే సీటు కోసం పిలుస్తారు. కానీ పాఠాలన్నీ ఇంగ్లీషులో కాబట్టి, వచ్చినవాళ్ళతో ముందు ఇంగ్లీషులో మాట్లాడి చూస్తారు. ఈ ఏడాది దాటితే మా కోడలికి వయసు దాటిపోతుంది. ఉన్నది ఒకటే అవకాశం.

తను చదివింది మన భాషలోనే. ఇంగ్లీషు చూస్తే చదవగలదు, రాయగలదు, నోరు విప్పమంటే మాత్రం చెమటలు. సరే, మధ్యాహ్నం ఖాళీలో క్లాసుకి వెళ్ళింది. ఖాళీ అని నేనంటున్నాను గానీ, ఆ ఖాళీలోంచి వంటనీ బట్టలనీ తీసేస్తే మిగిలేది కునుకు తీసేంత టైమే. క్లాసులో బెంచీ మీద కూర్చోగానే ఆ కునుకు కాస్తా పట్టేసింది. ఆ పంతులమ్మ మంచిది, లేపకుండా ఫ్యాను ఈవిడ వైపు తిప్పి పాఠం చెప్పుకుంటూ పోయిందట. వారం తిరక్కుండా మా కోడలు క్లాసు మానేసింది. ఫ్యాను గాలికి డబ్బు కట్టడం ఎందుకు అంది. తర్వాత ఫోనులో పాఠాలు పెట్టింది. వంటింటి అలమరలో ఫోను ఇంగ్లీషు మాట్లాడుతుంటే, కుక్కరు దానికంటే గట్టిగా మాట్లాడేది.

అలాంటి సమయంలో ఆసుపత్రికి ఒక బ్యాంకు ఆఫీసరమ్మ వచ్చింది. ఎక్కడినుంచో బదిలీ మీద వచ్చింది, మన భాష ఒక్క ముక్క రాదు. సూది వేశాక ఫోను వస్తే డాక్టరమ్మ బయటికెళ్ళింది. నోట్లో గొట్టంతో ఆవిడ వణికిపోతూ కుర్చీ చేతుల్ని పట్టుకుంది. గొట్టం వదలడానికి లేదు, ఊరికే చూస్తూ నిలబడడానికీ మనసొప్పలేదు. మా కోడలు తనకొచ్చిన ఇంగ్లీషంతా ఎత్తుకుంది. డోంట్ వర్రీ అంది. ఓన్లీ టూ మినిట్స్ అంది. అవి అయిపోతే తన పిల్లల సంగతి, ఇంట్లోకి కారే వాన సంగతి, నోటికొచ్చిందల్లా చెప్పింది. ఆవిడ పిడికిళ్ళు మెల్లగా విడిపోయాయి. తప్పులు పట్టలేదు, నవ్వలేదు, ఎదురు ప్రశ్న వెయ్యలేదు. నోరు ఖాళీ లేని మనిషి ఏం చేస్తుంది?

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అంది. "అత్తయ్యా, నాకు క్లాసు దొరికింది. రోజంతా నా ముందే పడుకుంటున్నారు, నేనే చూసుకోలేదు."

అప్పట్నుంచి ఆ కుర్చీలో పడుకున్న ప్రతివాళ్ళకీ ఇంగ్లీషే. ఇంగ్లీషు రానివాళ్ళకి ఒకసారి మన భాషలో, ఒకసారి ఇంగ్లీషులో. పని అయ్యాక చివర్లో అందరికీ ఒకటే మాట చెప్పేది. "ఆల్ ఓవర్. యూ వర్ వెరీ బ్రేవ్." అయిపోయింది, మీరు చాలా ధైర్యంగా ఉన్నారు అని. కుర్చీ ఎక్కకముందే ఏడ్చినవాళ్ళకీ అదే మాట, డాక్టరమ్మ వేలు కొరికినవాళ్ళకీ అదే మాట. కొన్నాళ్ళకి పేషంట్లు ఫోను చేసి ఆ మాట్లాడే అమ్మాయి ఏ పూట ఉంటుందని అడగడం మొదలుపెట్టారు.

ఇక నా పళ్ళ సంగతి చెప్పాలి. మిగిలిన నాలుగూ కూడా కదిలిపోతుంటే డాక్టరమ్మ తీసేసింది. చిగుళ్ళు గట్టిపడేదాకా కట్టుడు పళ్ళు పెట్టరట. అన్నాళ్ళూ నేను మాట్లాడితే మాటకంటే గాలి ఎక్కువ వచ్చేది. ఇంటిని నోటితో నడిపేదాన్ని, ఆలోచించండి నా అవస్థ. నేను ఒకటి అడిగితే మా వాడు ఇంకొకటి తెచ్చేవాడు. పిల్లలు నన్ను చూసి వెక్కిరించేవాళ్ళు. మా కోడలు మాత్రం వంటింట్లోంచి తల తిప్పకుండానే, "కత్తెర మిషను కింద పడింది అంటున్నారు నానమ్మ, తీసివ్వరా" అనేది. పళ్ళు లేని నోటిని అక్షరం పోకుండా వినేది ఈ ఇంట్లో తనొక్కతే.

చిగుళ్ళ అచ్చు తియ్యడానికి నన్ను కుర్చీలో పడుకోబెట్టిన రోజు జరిగింది అసలు గొడవ. డాక్టరమ్మ నా నోట్లో మెత్తటి ముద్ద నింపిన ట్రే పెట్టి, గట్టిపడేదాకా కదలొద్దంది. ట్రేని మా కోడలు వేలితో నొక్కి పట్టుకుంది. ఊరికే నిలబడ్డమెందుకని డాక్టరమ్మ, "రా, ఇంటర్వ్యూలో అడిగినట్టు అడుగుతాను, చెప్పు" అని మొదలుపెట్టింది. మీ కుటుంబం గురించి చెప్పమని ఇంగ్లీషులో అడిగింది.

మా కోడలు ఎత్తుకుంది చూడండి, కుళాయి తిప్పినట్టే. మధ్యమధ్య 'మదర్ ఇన్ లా' అని వినబడుతోంది. అత్తగారని తెలుసు కానీ, ఆ అత్తగారి గురించి ఏం చెబుతోందో తెలియదు. అడుగుదామంటే నోటి నిండా ముద్ద. జన్మలో నా నోటికి తాళం పడింది ఆ ఒక్కరోజే. ఇంతలో డాక్టరమ్మ మధ్యలో ఏదో ప్రశ్న వేసింది. మా కోడలు ఆపలేదు. డాక్టరమ్మ మళ్ళీ అడిగింది. మా కోడలు ఖాళీగా ఉన్న చేత్తో ఆవిడ భుజం మీద మెల్లగా తట్టి, "డోంట్ వర్రీ, ఓన్లీ టూ మినిట్స్, ప్లీజ్ డోంట్ మూవ్" అని, మళ్ళీ తన ధోరణిలో పడిపోయింది.

డాక్టరమ్మ పగలబడి నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది.

"నన్నూ పేషంటును చేసేశావా అమ్మా? చక్కగా మాట్లాడుతున్నావు, కాదనను. కానీ ఎదుటివాళ్ళు నోరు విప్పితే నొప్పనుకుంటున్నావు. ఇప్పుడు నేనేం అడిగానో చెప్పు."

మా కోడలికి తెలియదు. ఆ ప్రశ్న తన చెవికే ఎక్కలేదు. ఇంటర్వ్యూలో కూర్చునేవాళ్ళు ప్రశ్నలు వేస్తారని, వాటికి జవాబులు కావాలని, ఇలా అయితే సీటు రాదని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. మా కోడలు తల వంచుకుని నా నోట్లో ట్రేని ఇంకాస్త గట్టిగా నొక్కింది.

ఆ రోజు ఇంటికొచ్చి కూరలు తరగడానికి కూర్చుంది. నేను మిషను ఆపి వంటింట్లోకి వెళ్ళాను.

"ఎవరూ తిరిగి మాట్లాడరన్న ధైర్యంతోనే ఇన్నాళ్ళూ మాట్లాడాను అత్తయ్యా," అంది. "ఎవరైనా జవాబు చెబుతుంటే నాకు భయమేస్తుంది. అర్థం కాకపోతే ఎలా అని. అందుకే వాళ్ళకి సందివ్వకుండా నేనే మాట్లాడేస్తానేమో."

"జవాబివ్వని మనిషితో ఎవరైనా మాట్లాడతారు," అన్నాను నా బోసినోటి గాలి మాటల్లో. "మీ మామయ్యతో ముప్పై ఏళ్ళు నేను మాట్లాడలేదూ?"

నవ్వలేదు. అంటే విషయం పెద్దదే. నాకు ఒళ్ళు మండింది. తన మీద కాదు, ఆ కాలేజీ మీద, ఆ వయసు లెక్క మీద, అందరి మీదా. ఇంత పని చేసే పిల్ల ఇంకేం చెయ్యాలి? ఏ వేళకి ఏ క్లాసుకి వెళ్ళాలి? అలా మండుతూనే పొద్దున కుర్చీలో పడుకున్నప్పటి సంగతంతా మళ్ళీ గుర్తు చేసుకున్నాను. ట్రే తీశాక గ్లాసు చేతికిచ్చి పుక్కిలించమన్నారు. పుక్కిలించి ఉమ్మేశాక కాసేపు నా నోరు నాదే.

"అమ్మాయ్, పుక్కిలించి ఉమ్మేశాక నోరు ఖాళీయే కదే," అన్నాను. "పని జరుగుతుండగా ప్రశ్న వెయ్యి. గ్లాసు ఇచ్చినప్పుడు జవాబు పుచ్చుకో. నువ్వు మాత్రం నోరు మూసుకో."

తరుగుతున్న కత్తి ఆపి నావైపు చూసింది. ఆ ఆలోచన నాదేనని ఇక్కడ గట్టిగా చెబుతున్నాను, తర్వాత ఎవరు ఏమన్నా సరే.

మర్నాటి నుంచి క్లాసు తీరు మారింది. డాక్టరమ్మ పన్ను తొలుస్తుండగా మా కోడలు ప్రశ్న వేసేది. పేషంటుకి ఆలోచించుకోవడానికి బోలెడంత టైము. లేచి పుక్కిలించి ఉమ్మేసి, మళ్ళీ పడుకునే లోపు జవాబు. ఇంగ్లీషు వచ్చినవాళ్ళంతా సరదాపడి చెప్పేవాళ్ళు. చిక్కేమిటంటే సూది మందుకి సగం పెదవి, సగం నాలుక మొద్దుబారి ఉంటాయి. మాట ఒక పక్కకి జారిపోతుంది, ఇంకో పక్కనుంచి నీళ్ళు కారతాయి. మొదట్లో ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదట. "మళ్ళీ చెప్పండి, నెమ్మదిగా, తొందరేం లేదు" అని ఇంగ్లీషులో అడగడం నేర్చుకుంది. నా బోసినోటి మాటలు వినీ వినీ అలవాటైన చెవి కదా, మెల్లమెల్లగా ఆ ఇంగ్లీషూ పట్టుబడింది.

రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన పన్ను వేరు చికిత్సకి పదేపదే రావలసి వచ్చింది. పెళ్ళి చూపులకి వెళ్ళబోయి బస్సు తప్పిపోయిన కథ ఆయన పుక్కిలింతకొక ముక్క చొప్పున ఇంగ్లీషులో చెప్పాడు. మా కోడలు ఆ ముక్కని ఇంటికి మోసుకొచ్చి భోజనాల దగ్గర మన భాషలో చెప్పేది.

"తర్వాతేమైందే?" అని నేను.

"అక్కడిదాకా చెప్పేసరికి డాక్టరమ్మ మళ్ళీ పడుకోబెట్టేసింది అత్తయ్యా."

డ్యూటీ నుంచి వచ్చిన మా వాడు కూడా బూట్లు విప్పుకుంటూ, "ఇంతకీ ఆయనకి బస్సు దొరికిందా?" అని అడిగేవాడు. మరి వాడు డ్రైవరు కదా, బస్సు బాధ వాడిది. పేషంట్లు పుక్కిలించడానికి ఇంతింతసేపు తీసుకుంటున్నారేమిటని డాక్టరమ్మ విసుక్కుంది కానీ, ఆపమనలేదు.

ఇంటర్వ్యూ రోజు మా వాడికి సెలవు దొరకలేదు. నేనే వెంట వెళ్ళాను. కాలేజీలో పొడవాటి వరండా, గోడ పక్కన బెంచీలు. ఇంటర్వ్యూ గది తలుపు సరిగ్గా పట్టడం లేదు, ఎవరు మూసినా మళ్ళీ బెత్తెడు తెరుచుకునేది. లోపల ముగ్గురున్నారు. ప్రశ్నలన్నీ వేసేది మధ్యలో కూర్చున్న పెద్దాయన. గుబురు మీసాలు, పైన మాస్కు, దానికి తోడు జలుబు. ఇంకేముంది, మాట గొంతులో సగం, మీసంలో సగం, మిగిలింది మాస్కులో. మా ముందు వెళ్ళిన అమ్మాయిలు ఒక్కొక్కరే బయటికొచ్చి, "ఏమంటున్నాడో ఏం తెలియలేదు, ఏదో చెప్పేసి వచ్చాను" అంటున్నారు. మా కోడలి మొహం పాలిపోతుందేమోనని చూశాను. తను మాత్రం తల కాస్త పక్కకి వంచి, తలుపు సందులోంచి వచ్చే ఆ గొణుగుడే వింటోంది.

పిలిచారు, లోపలికి వెళ్ళింది. నాకు ఇంగ్లీషు రాదు, చప్పుడు మాత్రం వినగలను. ఆయన గొణిగాడు. తర్వాత నిశ్శబ్దం. మా కోడలు ఇంగ్లీషులో ఆగడం నేనెప్పుడూ వినలేదు, ఎప్పుడూ కుళాయే కదా! ఆయన ఇంకాస్త గొణిగాడు. అప్పుడు మా కోడలి గొంతు వినబడింది, తొందర లేకుండా. చెప్పింది, ఆగింది. ఆయన అడిగాడు, తను విన్నది, మళ్ళీ చెప్పింది. ఆ ఆగడం వినడం కోసమని నాకు అప్పుడు తట్టింది. ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటున్నప్పుడు వచ్చే చప్పుడు ఏ భాషలోనైనా ఒక్కలాగే ఉంటుంది.

అంతలో ఆయనకి దగ్గు తెర వచ్చింది. ఎంతకీ తగ్గదు. మా కోడలు నెమ్మదిగా, "టేక్ యువర్ టైమ్ సార్, నో హర్రీ. ఓన్లీ టూ మినిట్స్," అంది. కుర్చీ దగ్గర చెప్పే మాటే! చచ్చాం, ఈయన్నీ పేషంటును చేసేసింది అనుకుని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాను. లోపల ముగ్గురూ ఒక్కసారిగా నవ్వారు, అందరికంటే గట్టిగా ఆ దగ్గేవాడే.

బయటికొచ్చాక అడిగాను. "ఏమన్నాడే? అర్థమైందా?"

"మొత్తం అర్థమైంది అత్తయ్యా," అంది. "సూది వేసిన నోళ్ళకంటే ఆయన చాలా నయం."

సీటు వచ్చింది. ఆ కబురు డాక్టరమ్మకి ఫోనులో తెలిసేసరికి నేను కొత్త పళ్ళ సెట్టు పెట్టించుకుంటూ ఆ కుర్చీలోనే ఉన్నాను. "వచ్చింది అత్తయ్యా!" అంటూ మా కోడలు నా చెయ్యి పట్టుకుంది. కొత్త పళ్ళతో నేనన్న మొదటి మాట, "ముందు ఆ గొట్టం పక్కన పెట్టు, నా మీద కారుతోంది" అని. మొహమ్మీద పొగడడం మా ఇంటావంటా లేదు. మా అమ్మ నన్ను పొగడలేదు, నేను మా వాణ్ణి పొగడలేదు. లోపలినుంచి మాట గొంతుదాకా వస్తుంది, అక్కడ ఇరుక్కుంటుంది. ఇంటికెళ్ళాక మాత్రం బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను. కొలతలకి వచ్చినవాళ్ళు నించుని నించుని కాళ్ళు పీకి వెళ్ళిపోయినా చెప్పాను. వీధిలో మా కోడలి సంగతి వినని చెవి లేదు, ఒక్క మా కోడలి చెవులు తప్ప.

కోర్సు మొదలయ్యేలోపు మా కోడలికి జ్ఞానదంతం బాధపెట్టింది. ఇప్పుడే తీసేస్తే మంచిదంది డాక్టరమ్మ. ఈసారి కుర్చీలో తను పడుకుంది. పన్ను తీశాక దూది ఉండ పెట్టి, గట్టిగా కరిచిపట్టుకోమని, కాసేపు అస్సలు మాట్లాడొద్దని చెప్పి డాక్టరమ్మ ముందు గదిలోకి వెళ్ళింది. లోపల మేమిద్దరమే. నేను డాక్టరమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

మూతి ఒక పక్క వాచి, కళ్ళు మాత్రం తిప్పుతూ పడుకుంది. చూస్తుంటే ఒక్కసారిగా నాకు తెలిసింది, ఈ పిల్లకి మొదట్లో ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో. జవాబు చెప్పలేని మనిషి ముందు గొంతులో ఇరుక్కున్న మాట దానంతటదే కదులుతుంది.

"ఇదిగో, మధ్యలో మాట్లాడకు. నువ్వు మాట్లాడకూడదు," అన్నాను. "నువ్వు చేసింది ఇంకొకరు చెయ్యలేరే. టైము లేదు లేదని నేనూ అందరితోనూ అన్నాను. నువ్వు మాత్రం పుక్కిలింతల మధ్య పోగేసుకున్నావు. ఆ వరండాలో కూర్చుని లోపల నీ గొంతు వింటుంటే, ఆ గొంతు మా ఇంటిదని లేచి అరిచి చెప్పాలనిపించింది. నువ్వు మా ఇంటికి రావడం మా అదృష్టం. నా కడుపున పుట్టినా ఇంతకంటే గర్వపడేదాన్ని కాదు. అంతే. అయిపోయింది."

తన కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. నా కొంగుతో తుడిచాను. అప్పుడు దూది నోటితో ఏదో అంది. మొద్దుబారిన పెదవి, వాచిన మూతి, ఎవరికీ అర్థం కాదు. నాకు అర్థమైంది. ఇంగ్లీషులో చెప్పండి అంటోంది.

నాకేం వచ్చని? ఆ కుర్చీలో పడుకున్న ప్రతిసారీ విన్న మాట ఒకటుంది. గొంతు సవరించుకుని, కొత్త పళ్ళు సర్దుకుని చెప్పాను.

"ఆల్ ఓవర్. యూ వర్ వెరీ బ్రేవ్."

భుజాలు అదిరేలా నవ్వడం మొదలుపెట్టింది. "నవ్వకే, దూది ఊడిపోతుంది," అని దవడ పట్టుకున్నాను. నాకు నవ్వకూడదని ఎవరూ చెప్పలేదు కాబట్టి, కొత్త పళ్ళన్నీ కనిపించేలా నేను నవ్వాను.